రాగికి తట్టుకునే నాచు

నీలి ఆకుపచ్చ నాచు అని రైతులు పిలిచే సయనోబాక్టీరియా సూర్యరశ్మితో ఆహారం తయారుచేసుకునే సూక్ష్మజీవులు. వశిష్ఠ గోదావరి ఒడ్డున కోనసీమలోని దిండి చుట్టుపక్కల వరిమడిలోనూ, పంటబోదెలోనూ, రొయ్యల చెరువులోనూ ఇవి పెరుగుతాయి. వరిపొలానికి గాలిలోని నత్రజనిని అందించేవి ఇవేనని 1939లో పి.కె.డే అనే శాస్త్రవేత్త చూపించారు. అప్పటినుంచి సాగిన పరిశోధనల ఫలితంగానే నాట్లు పడిన వారం పదిరోజులకు ఎకరాకు 4 కిలోల నాచు పొడి చల్లే పద్ధతి వచ్చింది. చెరువులో మాత్రం ఇవి మితిమీరితే నష్టం. రాత్రిపూట నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్యకు మట్టివాసన పడుతుంది, కొన్ని జాతులు విషాలు కూడా తయారుచేస్తాయి. అందుకే మడిలో పెంచే నాచును చెరువులో రాగి లవణమైన మైలతుత్తంతో చంపుతారు. పెంచాలన్నా, చంపాలన్నా అది దేనికి ఎలా తట్టుకుంటుందో ముందు తెలియాలి.

భూమి గాలిలో ఆక్సిజన్ పోగుపడటం సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట మొదలైంది. ఆ ఆక్సిజన్‌ను విడిచినవి సయనోబాక్టీరియాయే. తాము విడిచే వాయువు వల్ల మొదటి ప్రమాదమూ వాటికే. ఎండ తీక్షణంగా ఉన్నప్పుడు కణం వాడుకోగలిగినదానికి మించి వెలుతురు అందుతుంది. దారి దొరకని ఎలక్ట్రాన్లు చేరిన ఆక్సిజన్ సూపర్ ఆక్సైడ్‌గా, అది హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుతుంది. ఆ పెరాక్సైడ్‌కు విడిగా ఉన్న ఇనుమో రాగో తగిలితే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. డీఎన్ఏ, ప్రొటీన్లు, పొరల్లోని కొవ్వులు అన్నీ దానికి దెబ్బతింటాయి. దాన్ని విరిచే ఎంజైము ఏ జీవిలోనూ లేదు. కాబట్టి అది పుట్టకుండా చూసుకోవడమే బతికే మార్గం.

ఆ పని అంచెలంచెలుగా సాగుతుంది. నారింజ రంగు కెరోటినాయిడ్ ప్రొటీన్ ఎక్కువైన వెలుతురును వేడిగా మార్చి వదిలేస్తుంది. ఫ్లేవోడైఐరన్ ప్రొటీన్లు మిగిలిన ఎలక్ట్రాన్లను ఆక్సిజన్‌కు అందించి, ప్రమాదకర పదార్థాలేవీ పుట్టకుండా దాన్ని నేరుగా నీరుగా మారుస్తాయి. వీటినీ దాటి పుట్టిన సూపర్ ఆక్సైడ్‌ను డిస్మ్యుటేజ్ ఎంజైములు పెరాక్సైడ్‌గానూ, ఆ పెరాక్సైడ్‌ను కెటలేజ్‌లు, పెరాక్సిరెడాక్సిన్లు నీరుగానూ మారుస్తాయి. వరిపొలాల్లో కనిపించే అనబీనా ప్రజాతికి చెందిన ఒక రకంలో మాంగనీస్‌తో పనిచేసే కెటలేజ్ ఈ రక్షణ ఇస్తుందని ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 2012లో నిరూపించారు. డీపీఎస్ ప్రొటీన్లు విడి ఇనుమును తమలో దాచి, హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టకుండా చూస్తాయి.

లోహాల బెడద ఇక్కడే కలుస్తుంది. రాగి, జింకు, ఇనుము కొద్ది మోతాదులో నాచుకు అవసరం. ఎలక్ట్రాన్లను మోసే ప్లాస్టోసయనిన్‌లో రాగి ఉంటుంది. రాగి కరువైతే చాలా జాతులు దాని స్థానంలో ఇనుము ఉన్న సైటోక్రోమ్ సి6ను వాడుకుంటాయి. మోతాదు మించిన రాగి మాత్రం ప్రొటీన్లకు అంటుకుని పాడుచేస్తుంది, హైడ్రాక్సిల్ రాడికల్‌నూ పుట్టిస్తుంది. కాడ్మియం, సీసం నాచుకు అవసరమే లేదు.

కణం చుట్టూ ఉండే జిగురులోని రుణావేశ సమూహాలు చాలా లోహాన్ని బయటే పట్టేస్తాయి. లోపలికి చేరిన జింకు, కాడ్మియాలను మెటలోథయొనిన్ అనే చిన్న ప్రొటీన్ బంధిస్తుంది. సైనెకోకాకస్‌లో ఆ ప్రొటీన్ జన్యువును అణచి ఉంచేది ఎస్ఎమ్‌టీబీ అనే మరో ప్రొటీన్. జింకు తగలగానే అది డీఎన్ఏను వదిలేస్తుంది, రక్షణ మొదలవుతుంది. పొరల్లోని పంపులు శక్తి ఖర్చుపెట్టి లోహాన్ని వెలుపలికి తోస్తాయి. ఫాస్ఫేట్‌ను పోలిన ఆర్సెనేట్ ఫాస్ఫేట్ దారిలోనే లోపలికి వస్తుంది. కణం దాన్ని ఆర్సెనైట్‌గా మార్చి బయటికి పంపుతుంది.

ఈ రక్షణకూ హద్దు ఉంది. రాగి ఆ హద్దు దాటితే నాచు చస్తుందని గమనించి మూర్, కెల్లర్‌మన్‌లు 1904లోనే అమెరికాలో నీటి వనరులకు మైలతుత్తం సూచించారు. అయితే చచ్చిన కణాలు పగిలి లోపలి విషం నీటిలో కలుస్తుంది. అవి కుళ్లేటప్పుడు ఆక్సిజన్ ఖర్చవుతుంది. రాగి చెరువు అడుగు మట్టిలో చేరి ఉండిపోతుంది. చావకుండా మిగిలిన నాచు, తినని మేత వదిలిన భాస్వరంతో మళ్లీ పెరుగుతుంది. నీటి క్షారత్వం తక్కువైతే అదే రాగి రొయ్యకూ హాని. కొబ్బరికి మొవ్వుకుళ్లు వస్తే పోసే బోర్డో మిశ్రమంలోనూ ఉండేది మైలతుత్తమే. దాని కడుగునీరు నాచు పెంచే వరిమడిలోకి పోనివ్వకూడదు.

కోనసీమ నీరు ఒక బోదె నుంచి మరో బోదెకు పారుతుంది. ఒకరి చెరువులో కలిపిన రాగి పక్కవారి మడికి చేరడానికి ఎక్కువ కాలం పట్టదు. అందుకే నాచు ముదిరిన చెరువుకు మొదట చేయవలసింది మేత తగ్గించడం, అడుగు బురద తీయడం, క్షారత్వం కొలిపించడం. మైలతుత్తం వాడక తప్పకపోతే లెక్క కట్టిన మోతాదులో, ఏరియేటర్లు తిరుగుతుండగా, చెరువు నీరు బయటికి వదలకుండా వాడాలి.