ఆగి అందించే చెయ్యి

దర్శి చుట్టుపక్కల ఊళ్లలో పక్షవాతం వచ్చిన ఇంటికి ఫిజియో వెళితే మొదట వినబడే మాట, "కరెంటు పెట్టరా?" ప్యాడ్లు అంటించి కండరాన్ని జివ్వుమనిపించే పెట్టె మీద మావాళ్లకు అంత గురి. చేత్తో పట్టుకుని చేయించేది వాళ్ల లెక్కలో వైద్యమే కాదు. ఈమధ్య ఇంకో ప్రశ్న తోడైంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు ఫోన్‌కు ఏదో వీడియో పంపుతాడు. "రోబోతో చెయ్యి వస్తదంట గదా, నిజమేనా?"

కొంతవరకు నిజమే. అమెరికాలోని ఎంఐటీలో నెవిల్ హోగన్, హెర్మానో ఇగో క్రెబ్స్ తయారుచేసిన ఎంఐటీ-మేనస్ ఈ మరలన్నిటికీ పెద్దన్న. 1990లలోనే దాన్ని రోగుల మీద వాడి చూశారు. మనిషి బల్ల ముందు కూర్చుంటాడు. పడిపోయిన చేతిని మరకు ఆనించి పట్టీలు బిగిస్తారు. తెర మీద చుక్క కనబడితే చేతిని అటు జరపాలి. జరిపితే మర ఊరుకుంటుంది. జరపలేకపోతే కాసేపు చూసి, తక్కువైన మేరకే తోస్తుంది. మళ్లీ ఇంకో చుక్క. ఇలా ఒక్క పూటలో వందల సార్లు. దీనికి భిన్నంగా, 2009లో అమెరికా, కెనడా థెరపిస్టులు చేయించేదాన్ని పక్కన కూర్చుని లెక్కపెట్టినవాళ్లకు తేలిందేమిటంటే, పూటకు రోగి చేతితో చేయించే పనికొచ్చే కదలికలు సగటున 32. ప్రయోగశాలలో జంతువుల మెదడు కొత్త దారులు వేసుకోవడానికి వందల్లో చేయించాల్సి వచ్చింది. స్ట్రోక్ వచ్చిన తొలి మూడు నెలల్లోనే చెయ్యి ఎక్కువగా కోలుకుంటుంది కాబట్టి ఈ తేడా చిన్నదేం కాదు.

మన దగ్గరా ఇలాంటి మరలు తయారవుతున్నాయి. ఐఐటీ హైదరాబాద్ నీడన పుట్టిన బీఏబుల్ హెల్త్ వాళ్ల ఆర్మేబుల్ చేతి కదలికలను తెర మీద ఆటగా మారుస్తుంది. వేలూరు సీఎంసీ, ఐఐటీ మద్రాస్ కలిసి మణికట్టు, వేళ్ల కోసం ప్లూటో అనే చిన్న మర చేశాయి.

అయితే ఆ వీడియోల్లో చెప్పని సంగతి ఒకటుంది. బ్రిటన్‌లో 770 మందితో చేసి 2019లో లాన్సెట్‌లో ప్రకటించిన రాటల్స్ అనే పరీక్షలో ఎంఐటీ-మేనస్‌నే వాడారు. వారానికి మూడుసార్లు, పూటకు 45 నిమిషాలు, 12 వారాలు. చేతిలో కదలిక కాస్త మెరుగైంది గానీ, గ్లాసు ఎత్తడం, వస్తువు పట్టి పెట్టడం లాంటి పనుల్లో మామూలు వైద్యం పొందినవాళ్ల కంటే ఎక్కువ లాభం కనబడలేదు. చుక్కను తాకడం నేర్చిన చెయ్యి చుక్కనే తాకుతుంది మరి.

ఇంత తెలిసినా నాకు ఆ మర అంటే గౌరవం. కారణం దాని మోటారు కాదు, అది ఆగడం. ఆ ఆగడం మా వృత్తిలో అన్నిటికన్నా కష్టం. మొన్న ఒక రైతు ఇంట్లో చాటలో ఎండుమిరపకాయలు పోసి తాలుకాయలు ఏరమన్నాను. కుడిచెయ్యి బల్ల మీద ఉంది. మోచేతి కింద నా అరచెయ్యి పెట్టాను, ఎత్తలేదు. బొటనవేలు కదిలింది, చూపుడువేలు రాలేదు. కాయ తొడిమ దగ్గర జారిపోయింది. వాళ్లావిడ చెయ్యి చాటలోకి వచ్చేసింది. "ఆగు పిన్నీ," అన్నాను. "ఎంతసేపయ్యా, పాపం బాబాయికి చెమటలు పడుతుంటే," అంది. చెమట పట్టడమే కావాలి. చూపుడువేలు ఆలస్యంగానే అయినా వచ్చింది, తెల్లకాయ కిందపడింది. ఆమె ప్రేమతో అందించిన ప్రతి కాయా ఆయన మెదడుకు దక్కని ఒక ప్రయత్నం.

ఇక గిలక. దూలానికి తాడు కట్టి, మంచిచేత్తో లాగుతూ చచ్చుబడిన చేతిని పైకెత్తడం మా ప్రాంతంలో చాలా ఇళ్లలో చూస్తాను. అది ఒక్కసారి కూడా ఆగదు, చూడదు. వదులైన భుజం జారుతున్నా లాగుతుంది. తర్వాత నెలల తరబడి నొప్పి. కనబడిన చోటల్లా విప్పించేస్తున్నాను.

అలాగని అంతా ఇంటివాళ్లకు నేర్పేస్తే సరిపోతుందా? అదీ మన దేశంలోనే చూశారు. గుంటూరులోని ఒక ఆసుపత్రితో కలిపి 14 ఆసుపత్రుల్లో 1,250 మందితో అటెండ్ అనే పరీక్ష చేశారు. రోగి ఇంటికి వెళ్లకముందే కుటుంబంలో ఒకరికి వ్యాయామాలు నేర్పించి పంపారు. 2017లో ఫలితాలు వచ్చాయి. ఆరు నెలల తర్వాత చావులోగానీ ఇతరుల మీద ఆధారపడటంలోగానీ తేడా లేదు. నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. ఎప్పుడు పట్టుకోవాలో, ఎప్పుడు వదలాలో తెలుసుకోవడం ఆసుపత్రి వార్డులో నాలుగు మాటల్లో అబ్బే విద్య కాదు. చేతులు చాలా మందిని పట్టుకుంటేగానీ రాదు.

రేపు ఒంగోలులోనో గుంటూరులోనో మంచి మర పెట్టారనే అనుకుందాం. బ్రిటన్ లెక్కన 36 సార్లు పోయి రావాలి. వెంట ఒక మనిషి ఉండాలి, అతనికి ఆ రోజు కూలి పోతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మిరప కోతలు, కళ్లాలు, కాయ యార్డుకు చేర్చడం ఒకదాని మీద ఒకటి వచ్చిపడితే ఆ ఇంట్లో ముందు మానేసేది బాబాయి ఫిజియోనే. మర కొనేవాళ్లు ఈ బస్సు ఖర్చునూ కూలినీ కూడా దాని ధరలో కలిపి చూడాలి. మండలానికి ఇద్దరు ఫిజియోలను తొలి మూడు నెలలు ఇంటింటికీ తిప్పితే ఎంతవుతుందో పక్కనే వేసి చూడాలి.