అన్నదమ్ముల వ్యాజ్యెము

పరస్పర విరోధులైన రెండు పాత్రలను కల్పించి, కట్టకడకు వీరిరువురును ఒక్కటే సుమా యని ప్రేక్షకుని చెవిలో నూదుట టెలివిజన్ నాటకకర్తలకు మిక్కిలి యలవాటైన పని. ఒక పోలీసు అధికారి, ఒక దొంగ. ఇద్దఱికిని నిద్ర పట్టదు, ఇద్దఱికిని భార్యలతో పొసగదు. అంతటితో సాదృశ్యము సిద్ధించెనని రచయిత తృప్తిపడును. ఇట్టి పోలిక చూచుటకు ముచ్చటయే కాని దానివలన మనకు బోధపడునది స్వల్పము.

అమెరికాలో 2015 మొదలు 2022 వఱకు ప్రదర్శింపబడిన ‘బెటర్ కాల్ సాల్’ అను ధారావాహిక నాటకమున ఈ పని మఱియొక తీరున జరిగినది. విన్స్ గిలిగన్, పీటర్ గూల్డ్ అనువారు దీని కర్తలు. ఇందలి విరోధులు తోడబుట్టినవారు. అన్న చక్ మెక్‌గిల్ న్యూమెక్సికో రాష్ట్రమందలి ఆల్బుకర్కీ నగరమున పేరుమోసిన న్యాయవాది, ఒక గొప్ప వకీళ్ల సంస్థలో భాగస్వామి. విద్యుచ్ఛక్తి తన శరీరమునకు పడదను నమ్మకముతో ఇంట లాంతర్ల వెలుతురున కాలము గడుపుచుండును. తమ్ముడు జిమ్మీ చిల్లర మోసములతో పెరిగినవాడు. అన్నగారి సంస్థలోనే ఉత్తరములు పంచు పని చేయుచు, దూరవిద్య ద్వారా న్యాయశాస్త్రము చదివి పట్టా పొందినవాడు. వ్యాధిగ్రస్తుడైన అన్నకు మంచుగడ్డలు, ఆహారము, పత్రికలు మోసికొనిపోయి ఇచ్చువాడును అతడే.

అన్న ధర్మమూర్తి, తమ్ముడు కపటి యని మొదట మనకు తోచును. చక్ నమ్మినదియు నిదియే. న్యాయశాస్త్రము పవిత్రమైనదనియు, జిమ్మీ వంటివాని చేతికి అది చిక్కరాదనియు అతని దృఢవిశ్వాసము. ఆ విశ్వాసమును నిలుపుకొనుటకు అతడేమి చేసెనో చూడుడు. తమ్ముని సంస్థలో చేర్చుకొనకుండ అడ్డుపడినవాడు తానేయయ్యును, ఆ నిందను భాగస్వామియైన హోవర్డ్‌ మీదికి త్రోసి, తాను ప్రేమగల అన్నగా నిలిచెను. పిదప జిమ్మీ ఒక బ్యాంకు పత్రములలో 1261 అను అంకెను 1216గా దిద్ది అన్నను నలుగురిలో తలవంచుకొనజేసినపుడు, చక్ తన గది గోడలకు మెఱయు రేకుదుప్పట్లు కప్పి, మతి చెడినవానివలె నటించి, తాను వృత్తిని విడిచితినని చెప్పెను. తమ్ముడు జాలితో కరగి చేసినదంతయు ఒప్పుకొనెను. గదిలో దాచిన టేపురికార్డరు ఆ మాటలను గ్రహించుచునే యుండెను.

జిమ్మీ యెన్నడును ఇంతకు మించిన మోసము చేసి యెఱుగడు. వేషము, సమయజ్ఞానము, ఎదుటివాని బలహీనతను కనిపెట్టు నేర్పు, అన్నియు నిందున్నవి. వీధిలోని మోసగాడు ఎదుటివాని లోభమును ఎరగా వాడుకొనును. చక్ వాడుకొన్నది తనపై తమ్మునికి గల ప్రేమను.

జిమ్మీ బదులు తీర్చుకొన్న తీరును అట్టిదే. 2017లో ప్రదర్శితమైన విచారణ ఘట్టమున అతడు తన మనిషిచేత అన్న జేబులో రహస్యముగా సెల్‌ఫోను బ్యాటరీని వేయించెను. 1 గంట 43 నిమిషములకు పైగా అది యచటనే యున్నను చక్‌కు ఏ బాధయు తోచలేదని సభలో బయటపెట్టెను. అంతట చక్ నిగ్రహము కోల్పోయి చిన్ననాటినుండి తమ్ముడు చేసిన తప్పులన్నియు ఏకరువు పెట్టెను. ఆ దృశ్యమును చూచుటకై చక్‌కు విడిపోయిన భార్యను సైతము జిమ్మీ ముందే రప్పించి యుంచెను! అన్న ప్రాణముకంటె పరువు నెక్కువగా చూచుకొనునని అతనికి తెలియును. చక్ మాటలలో చాలవఱకు నిజమే. అయినను నిజము చెప్పినవాడు పిచ్చివాడుగను, నేరము చేసినవాడు సాధువుగను అచటివారికి కనబడిరి. బయటివాడెవ్వడును వీరిలో నొకనినైన ఇంత గుఱి చూచి కొట్టజాలడు.

ఈ పోలికకు మూలము తల్లి మరణశయ్యకడ నున్నది. జిమ్మీ ఆహారము తెచ్చుటకు బయటికి పోయినపుడు ఆమె కన్ను తెఱచి, ఎదుట చక్ ఉండగనే జిమ్మీని పేరుపెట్టి పిలిచి ప్రాణము విడిచెను. తమ్ముడు తిరిగివచ్చి అమ్మ యేమైన పలికెనా యని యడుగగా, ఏమియు లేదని చక్ బదులు చెప్పెను. గురివిందగింజ తన నలుపు నెఱుగదందురు. చక్ తన జీవితమున నీ యబద్ధమును ఏనాడును లెక్కలో వ్రాసికొనలేదు. తమ్ముడు తండ్రి దుకాణపు పెట్టెనుండి తీసిన సొమ్ము మాత్రము అతనికి కడవఱకు జ్ఞాపకమున్నది.

ఇరువురును మోసగాండ్రే యని చెప్పి ఊరకుండుట నాకు సమ్మతము కాదు. చక్ అబద్ధములను వృత్తిగౌరవము కప్పియుంచినది (వకీళ్లు కోపగింపకుందురుగాక). జిమ్మీకి అట్టి కప్పు లేదు. అతడు నిజాయితీగా నడచిన దినములును వేషముగానే లెక్కకు వచ్చినవి. చక్ పోయిన పిదప విద్యార్థివేతనముల నిమిత్తము కూడిన సంఘములో, ఒకప్పుడు అంగడిలో దొంగతనము చేసిన బాలికకు వేతనము రాలేదు. జిమ్మీ యొక్కడే ఆమె పక్షమున వాదించి యోడెను. ఒక్కసారి తప్పినవారిని ఈ పెద్దలు ఎన్నటికిని లోనికి రానీయరని ఆమెతో చెప్పెను. అటుపిమ్మట అన్నకై దుఃఖము నటించి పోయిన పట్టాను తిరిగి సంపాదించి, సాల్ గుడ్‌మన్ అను క్రొత్త పేరు పెట్టుకొనెను. రేకుదుప్పట్ల గదిలో అన్న చూపిన విద్య యిదియే.

2022 నాటి చివరి భాగమున జిమ్మీ తన వాక్చాతుర్యముచేత శిక్షను ఏడున్నర సంవత్సరములకు కుదుర్చుకొనెను. అట్లు కుదిరిన పిదప న్యాయస్థానమున తన పాపములన్నియు తానే చెప్పి, మెక్‌గిల్ అను ఇంటిపేరును మరల స్వీకరించి, 86 సంవత్సరముల చెఱను కోరి తెచ్చుకొనెను. చెప్పినవానిలో నొకటి అన్నను గూర్చినది. భీమా కార్యాలయమున దొంగకన్నీరు కార్చి చక్ వ్యాధిని బయటపెట్టినది తానే. దానివలననే చక్ సంస్థనుండి వెలివేయబడి, తన లాంతరునే తన్ని ఆ మంటలలో మరణించెను. ప్రక్కనున్న వకీలు, అన్నగారి విషయము అసలు నేరమే కాదుగదా యని యడిగెను. నేరమే యని జిమ్మీ చెప్పెను.