అందని కొండ అందం

పెద్దన ప్రవరుడు హిమాలయానికి నడిచి వెళ్లలేదు. సిద్ధుడిచ్చిన లేపనం పాదాలకు రాసుకున్నాడు, మరుక్షణం మంచుకొండల మధ్య నిలబడ్డాడు. మనుచరిత్ర చదువుకున్న తెలుగువాళ్లకు హిమాలయం అంటే అలా ఒక్కసారిగా కళ్లముందు విప్పుకునే వైభవం. ఆ వర్ణన గొప్పతనం ఆ విప్పుకోవడంలోనే ఉంది. అయితే మంచుకొండను చూడటానికి ఇంకో పద్ధతి కూడా ఉంది. లేపనం లేకుండా, సొంత కాళ్లమీద, సొంత ఊపిరి లెక్క చూసుకుంటూ వెళ్లే పద్ధతి. పశ్చిమ సిక్కింలో యుక్సమ్ ఊరి నుంచి గోయెచా లా కనుమ దాకా సాగే దారి నాకు ఆ రెండో పద్ధతికి పరాకాష్ఠగా కనిపిస్తుంది. కాంచనజంగను చూపించడానికే పుట్టినట్టుండే దారి అది. అయినా మొదట ఆ కొండను దాచిపెడుతుంది, తర్వాత కొంచెం చూపించి మళ్లీ దాస్తుంది, చివరికి ఎదురుగా నిలబెట్టి ఇక ముందుకు రావద్దంటుంది. ఆ దాపరికంలో, ఆ నిలుపుదలలో ఎంత రసం ఉందో చెప్పాలన్నదే నా ఆరాటం.

యుక్సమ్ సుమారు 1,780 మీటర్ల ఎత్తున ఉంది. చుట్టూ చెట్లనీడన పెరిగే పెద్ద యాలకుల తోటలు, మక్క చేలు. 1642లో ముగ్గురు లామాలు ఇక్కడే ఫుంత్సోగ్ నామ్‌గ్యాల్‌ను సిక్కిం తొలి చోగ్యాల్‌గా, అంటే రాజుగా, అభిషేకించారు. ఊళ్లోని నోర్బుగాంగ్‌లో ఆ అభిషేకం నాటి రాతి ఆసనాలు ఇప్పటికీ ఒక మహావృక్షం నీడలో ఉన్నాయి. ఒక రాజ్యం మొదలైన చోట ఈ నడకా మొదలవుతుంది. ఊరు దాటగానే కాంచనజంగ జాతీయ పార్కు. 2016లో యునెస్కో దీన్ని ప్రకృతి, సంస్కృతి రెండింటికీ కలిపి ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మన దేశంలో అలాంటి మిశ్రమ గుర్తింపు పొందిన మొదటి చోటు ఇదే. ఆ గుర్తింపు ఎంత సముచితమో దారిలో అడుగడుగునా తెలుస్తుంది. ఇక్కడ కొండను దేవుడి నుంచి, అడవిని ఆచారం నుంచి విడదీసి చూడటం కుదరదు.

తొలి అంకమంతా అడవి. సాచెన్, బాఖిమ్ మీదుగా శోకా దాకా దారి ఆకుల కిందే నడుస్తుంది. లోయ అడుగున నది హోరు వినిపిస్తూనే ఉంటుంది గానీ నీరు కనిపించేది తక్కువ. వాగుల మీద వేలాడే వంతెనలు, వాటి తీగలకు కట్టిన ప్రార్థనా పతాకాలు. నీలం, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, పసుపు. అవి ఆకాశం, గాలి, నిప్పు, నీరు, నేలలకు గుర్తులని చెబితే పంచభూతాలు తెలిసిన మనకు వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. ఓక్ చెట్ల మాను నిండా నాచు. పైకి వెళ్లేకొద్దీ కొమ్మలకు లేతాకుపచ్చ గడ్డాల్లా వేలాడే లైకెన్లు. గాలి మలినమైన చోట ఇవి బతకవు. కాబట్టి అవి కనిపించాయంటే మనం పీలుస్తున్న గాలికి చెట్లే హామీ ఇస్తున్నాయన్నమాట. ఇంత నడిచినా మంచుకొండ జాడ ఉండదు. ప్రబంధకవి నాయికను ప్రవేశపెట్టేముందు పురవర్ణన, వనవర్ణన ఎందుకు చేస్తాడో ఈ అడవిలో నడిస్తే అర్థమవుతుంది. కన్ను ముందు దగ్గరి వాటిని చూడటం నేర్చుకోవాలి. నాచులో నీటిబొట్టును చూడలేని కన్నుకు ఎనిమిది వేల మీటర్ల మంచు చూపించినా అది పటంగానే మిగిలిపోతుంది.

ఈ శిక్షణకు గురువు మార్గదర్శకుడు. ఈ పార్కులో అతను లేనిదే నడక లేదు. అది నియమం. నియమం కాకపోయినా అతను లేని నడకలో సగం రసం పోతుంది. మేమంతా ‘దాజూ’ (అన్న) అని పిలిచిన మా మార్గదర్శకుడు మాటల మనిషి కాదు. అతని నోట తరచుగా వినిపించింది ఒక్క మాటే: ‘బిస్తారై’. మెల్లగా అని. ఆ మాట అనడమే కాదు, తాను ముందు నడుస్తూ పాదాలతో దాన్ని చూపించేవాడు. మడమ మొత్తం నేలకు ఆనించి, మోకాలు కొద్దిగా వంచి, ఒక అడుగుకు ఒక శ్వాస. నిటారు ఎక్కుడులోనూ, చదునులోనూ అదే కాలప్రమాణం. విలంబంలో మొదలైన కీర్తనను చివరిదాకా విలంబంలోనే నిలపడం ఎంత కష్టమో పాడేవాళ్లకు తెలుసు. నడకలోనూ అంతే కష్టం. కాళ్లు తొందరపడతాయి, గుండె వద్దంటుంది.

ఆ మెల్లదనం వెనక శరీరధర్మం ఉంది. పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. కనుమ ఎత్తున ఒక్కో శ్వాసతో దొరికే ప్రాణవాయువు సముద్రతీరంలో దొరికేదానిలో సగం కన్నా కొంచెమే ఎక్కువ. శరీరం దానికి సర్దుకోవాలంటే రోజులు పడుతుంది. అందుకే 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దంటారు, మధ్యలో ఒకచోట ఆగమంటారు. ఆరోగ్యం కోసం పెట్టిన ఈ జాగ్రత్త రసాస్వాదనకు కూడా పనికొస్తుంది. ఊపిరి తక్కువైనప్పుడు మనిషి మాట తగ్గిస్తాడు. మాట తగ్గితే చూపు పెరుగుతుంది.

శోకా సుమారు 3,000 మీటర్ల ఎత్తున టిబెటన్ శరణార్థులు నిలదొక్కుకున్న చిన్న పల్లె. అక్కడి నుంచి ఫెదాంగ్ మీదుగా జోంగ్రీ ఎక్కుడు. దారి పొడవునా రోడోడెండ్రాన్లు. ఏప్రిల్, మే నెలల్లో ఈ కొండవాలు ఎరుపు, గులాబీ, తెలుపు, లేతపసుపు రంగుల్లో పూస్తుంది. వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ 1848లో సిక్కిం వచ్చి ఈ పూలను ఒక్కొక్కటిగా సేకరించి గ్రంథస్థం చేసినప్పటి నుంచి ప్రపంచమంతా తోటల్లో వీటి సంతతిని పెంచుకుంటోంది. పూల సంగతి అందరూ చెబుతారు. నన్ను నిలబెట్టేసింది ఆకు. పొద్దున్నే చలిలో చూస్తే ప్రతి ఆకూ తన రెండంచులనూ కిందికి ముడుచుకుని, సన్నటి గొట్టంలా చుట్టుకుని, కాడ దగ్గర వాలిపోయి వేలాడుతోంది. ఆకు అడుగున గోధుమరంగు నూగు. వేలితో తాకితే పైభాగం తోలులా గట్టిగా, అడుగు మెత్తగా ఉంది. ఎండ తగిలాక కొద్దిసేపట్లోనే ఆ ఆకులు విప్పుకుని నిటారుగా లేచాయి. చలి ఎంత ఉంటే అంత బిగుతుగా చుట్టుకోవడం వీటి స్వభావం. కొన్ని జాతుల ఆకులను చూసి ఎంత చలిగా ఉందో ఉజ్జాయింపుగా చెప్పవచ్చు. ముడుచుకోవడమూ విప్పుకోవడమూ తెలిసిన ఈ ఆకు, దాచి చూపించే ఈ దారికి సరైన చెలికత్తె.

జోంగ్రీ దగ్గర చెట్లు అయిపోతాయి. నాలుగు వేల మీటర్ల ఆ పచ్చికబయలు మీద మోకాలెత్తు పొదలే మిగులుతాయి. అందులో సున్‌పాతి ఒకటి. అదీ రోడోడెండ్రానే. దాని ఆకు నలిపితే ఘాటైన వాసన. ఎండబెట్టి ధూపం వేస్తారు. తెల్లవారకముందే చీకట్లో లేచి జోంగ్రీ మిట్ట ఎక్కితే అక్కడ తొలిసారి తెర తొలుగుతుంది. కాంచనజంగ, కాబ్రూ, పాండిమ్ వరసగా. ముందు ఆకారాలే ఉంటాయి, రంగు ఉండదు. తర్వాత అన్నింటికన్నా ఎత్తైన కొస మీద మొదటి ఎరుపు. ఆ వెలుగు పైనుంచి కిందికి, ఒక శిఖరం నుంచి దానికన్నా పొట్టిదానికి, పెద్దరికం పాటించినట్టు దిగుతుంది. పొద్దుటి కిరణం చాలా దూరం గాలిలో ప్రయాణించి వస్తుంది కాబట్టి నీలం దారిలోనే చెదిరిపోయి ఎరుపే మంచును చేరుతుంది. ఆ కారణం తెలిసి చూసినా విస్మయం రవ్వంత తగ్గదు. ఎరుపు బంగారమై, బంగారం తెలుపై, పూర్తి పగలయ్యేసరికి మనం నిలబడ్డ చోట మాటలు మొదలవుతాయి.

అల్పకవి అయితే కావ్యాన్ని ఇక్కడే ముగించేవాడు. గోయెచా లా దారి అలా చేయదు. జోంగ్రీ నుంచి అది మళ్లీ కిందికి దిగుతుంది. కష్టపడి సంపాదించిన ఎత్తును వదులుకుని కోక్‌చురాంగ్ దగ్గర ప్రేక్ నది ఒడ్డుకు చేరుస్తుంది. కాంచనజంగ మళ్లీ మాయం. దర్శనం అయ్యాక వచ్చిన ఈ వియోగమే ఈ నడకకు ప్రాణం. చూడనిదాని కోసం పడే ఆరాటం వేరు, ఒకసారి చూసినదాని కోసం పడే ఆరాటం వేరు. రెండోది బరువైనది. నది మీద వంతెన దాటి తాన్‌సింగ్ చేరితే విశాలమైన బయలు, దానిమీదికి ఒరిగినట్టు 6,691 మీటర్ల పాండిమ్. సామాను మోసిన జోలు అక్కడ మేస్తుంటాయి. ఇవి యాక్‌కూ ఆవుకూ పుట్టిన సంకరజాతి పశువులు. వాటి మెడగంటలు ఒక్కోటి ఒక్కో శ్రుతి. రాత్రి గుడారంలో నిద్ర పట్టని వేళల్లో ఏ గంట ఏ వైపు కదులుతోందో పోల్చుకోవచ్చు.

చివరి నడక నడిరాత్రి దాటాక మొదలవుతుంది. పొద్దెక్కితే మబ్బులు కమ్ముతాయి కాబట్టి చీకట్లోనే బయల్దేరాలి. తలకు కట్టుకున్న దీపం వెలుగులో ముందు మనిషి మడమలు తప్ప లోకం లేదు. హిమనదం నెట్టుకొచ్చిన రాళ్లగుట్టల మీదుగా సమితి సరస్సు ఒడ్డు తగులుతుంది. స్థానికులకు అది పవిత్ర జలం. ఇప్పుడు అక్కడ గుడారాలు వేయనివ్వరు. పైన ఇసుక, రాయి, మంచు. నాలుగడుగులకోసారి ఆగి ఊపిరి కూడదీసుకోవాలి. అప్పుడు తెల్లవారుతుంది. జోంగ్రీలో వరసలో ఒకటిగా కనిపించిన కొండ ఇక్కడ ఎదురుగా గోడై నిలుస్తుంది. కనుమ ఎత్తు 4,940 మీటర్లు, శిఖరం 8,586 మీటర్లు. అంటే మన పాదాల మట్టం నుంచి ఇంకా 3,600 మీటర్లకు పైగా. విశాఖ మన్యంలోని అర్మకొండ ఎత్తు 1,680 మీటర్లు. అలాంటివి రెండు ఒకదానిపై ఒకటి నిలబెట్టినా ఈ గోడ కొస అందదు. ఆ లెక్క తర్వాతెప్పుడో వేసుకున్నది. అక్కడ నిలబడ్డప్పుడు తల ఎంత ఎత్తినా ఇంకా పైన మంచు ఉందన్న ఒక్క ఎరుకే ఉంటుంది.

దారి అక్కడితో ఆగుతుంది. అవతల తాలుంగ్ హిమనదం, దాని మీద ఆ గోడ. ఈ మధ్య చాలా బృందాలను కనుమకు ఇంకా ముందే, మొదటి దర్శనస్థలం దగ్గరే ఆపేస్తున్నారు. కొందరికి అది వెలితిగా తోస్తుంది. నాకు మాత్రం అదే ఈ కావ్యానికి తగిన ముగింపు. ఆగడం ఈ కొండకు పాత మర్యాద. 1955 మే 25న నేపాల్ వైపు నుంచి మొదటిసారి పైకి చేరిన జార్జ్ బ్యాండ్, జో బ్రౌన్ కొసకు కొన్ని అడుగుల కిందే ఆగిపోయారు. శిఖరాన్ని తొక్కబోమని చోగ్యాల్‌కు ఇచ్చిన మాట అది. వారి తర్వాత ఎక్కినవారిలో చాలామంది ఆ మాట పాటించారు. 2001లో సిక్కిం ప్రభుత్వం తన వైపు నుంచి ఈ కొండ ఎక్కడాన్నే నిషేధించింది. కాంచనజంగను తమ నేలకు కావలి దైవంగా కొలిచి, ఏటా పాంగ్ ల్హాబ్‌సోల్ పండుగ చేసుకునే జనం కోరిక అది.

శిఖరారోహణను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. దాని రసం వేరు. 2014 మే 25న మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో, సాధనపల్లి ఆనంద్ కుమార్‌తో పాటు ఎవరెస్టు మీద నిలబడ్డప్పుడు తెలుగు నేల అంతా పొంగిపోయింది. ఆ పొంగు వీరం. ఉత్సాహం దాని స్థాయిభావం. భువనగిరి గుట్టమీద తాడు పట్టి మొదలుపెట్టిన పిల్లలు లోకంలోకెల్లా ఎత్తైన చోటికి చేరారంటే అంతకు మించిన వీరగాథ ఏముంది? గోయెచా లా దారి మనలో లేపేది అద్భుతాన్ని. విస్మయం దాని స్థాయి. వీరానికి చేరుకోవడం కావాలి. అద్భుతానికి దూరం కావాలి, ఎదుటిది మనకన్నా పెద్దదిగానే మిగలాలి. కాలికింద పడ్డ శిఖరం గర్వకారణమవుతుంది. కన్నెత్తి చూసిన శిఖరం మాత్రం ఎప్పటికీ శిఖరంగానే ఉంటుంది.

ఈ రసాన్ని కాపాడుతున్న చేతులను మరిచిపోతే విమర్శ అసంపూర్ణమే. చీకట్లో లేచి వేడి టీ గుడారం దాకా తెచ్చే వంటవాళ్లు, జోలను అదిలించుకుంటూ మనకన్నా ముందే మజిలీ చేరే కుర్రాళ్లు, తెచ్చిన ప్లాస్టిక్ మళ్లీ కిందికి వెళ్లిందో లేదో చూసే యుక్సమ్ ఊరివాళ్లు. వంటకు అడవి కట్టె కొట్టకూడదన్న నియమాన్ని వాళ్లు పట్టుబట్టి పాటించబట్టే ఆ రోడోడెండ్రాన్లు ఇంకా నిలిచి ఉన్నాయి. మాకు దారి చూపిన దాజూ కనుమ మీద చేసిన పని ఒక్కటే. సున్‌పాతి ఆకు కొంచెం వెలిగించి, కొండకు నమస్కరించి పక్కకు తప్పుకున్నాడు. ఎన్నోసార్లు చూసినవాడు తప్పుకుని కొత్తగా చూసేవాళ్లకు చోటిచ్చాడు. నాకు తెలిసిన సహృదయత్వానికి అంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

అద్భుతం చివరికి శాంతంలోకి ఒదుగుతుందని ఆలంకారికుల్లో ఒక ఆలోచన ఉంది. పుస్తకంలో చదివితే అది సిద్ధాంతం. గోయెచా లా నుంచి దిగేటప్పుడు అది అనుభవం. ఇంకా ఏదో సాధించాలన్న ఉరుకు కాళ్లలో ఉండదు. చూడవలసింది చూశాం, చేరకూడనిది చేరకుండా వచ్చాం, రెండూ సంతృప్తే. అందుకే ఈ దారిని రోజులు కుదించి ముగించాలనుకునేవాళ్లను నేను బతిమాలతాను. జోంగ్రీలో ఆగే రోజును తగ్గించుకోవద్దు, అడవిని త్వరగా దాటేయవద్దు, ముందు నడిచే మనిషి పాదం వేగాన్ని మించవద్దు. హెలికాప్టర్‌లో వెళ్లినా ఇదే మంచు కనిపిస్తుంది. అయితే అడవి దాచిపెట్టగా ఎదురుచూసి, నది ఒడ్డున పోగొట్టుకుని, ఊపిరి చాలని చోట తిరిగి పొందిన కాంచనజంగ నడిచినవాళ్లకే దక్కుతుంది.