జర్నైల్ ముందుకెళ్లిన రోజు

ఫుట్‌బాల్ జట్టు జాబితా చేతికొస్తే నేను ముందు వెతికేది గోల్స్ కొట్టేవాణ్ని కాదు, రెండు మూడు చోట్ల ఆడగలవాణ్ని. మామూలు రోజుల్లో అతను కూరలో కరివేపాకు. ఒకరి మోకాలు, ఇంకొకరి తల దెబ్బతిన్న రోజున మాత్రం కోచ్ చూపు అతని మీదే ఆగుతుంది.

1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో అదే జరిగింది. మన కోచ్ హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో సెంటర్ బ్యాక్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. జపాన్‌తో ఆడలేకపోయాడు. సెమీఫైనల్‌కు తిరిగొచ్చిన అతన్ని రహీం వెనక కాక ముందు నిలబెట్టారు, సెంటర్ ఫార్వర్డ్‌గా. దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచాం. అందులో జర్నైల్ గోల్ ఉంది. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1, పి.కె. బెనర్జీది ఒకటి, జర్నైల్‌ది ఒకటి. స్వర్ణం మనదైంది. ఆ రోజు గోల్ కాసిన పీటర్ తంగరాజ్ కూడా ఆట మొదలుపెట్టింది సెంటర్ ఫార్వర్డ్‌గానే!

జర్నైల్‌ను ముందుకు పంపడాన్ని జూదమంటే ఒప్పుకోను. జర్నైల్ కాలేజీలో ఫార్వర్డ్‌గా ఆడినవాడే. పైగా ఏళ్ల తరబడి ఫార్వర్డ్‌లను ఆపినవాడికి, డిఫెండర్ ఎక్కడ తడబడతాడో ఒకరు చెప్పాలా? చోటు మారినా ఆటను చదివే కన్ను అదే. పనికొచ్చేది ఆ కన్నే. ఖాళీ పూరించడానికైతే ఎవరైనా సరిపోతారు.

2014 ప్రపంచ కప్‌లో జర్మనీ కెప్టెన్ ఫిలిప్ లామ్‌ది ఇంకో దారి. మొదట మిడ్‌ఫీల్డ్‌లో ఆడాడు. ఫ్రాన్స్‌తో క్వార్టర్ ఫైనల్ నుంచి తన పాత చోటు రైట్ బ్యాక్‌కు వెళ్లాడు. ఒక్కడు జరిగితే మిడ్‌ఫీల్డ్, డిఫెన్స్ రెండూ కుదురుకున్నాయి. కప్పు గెలిచారు.

అయితే ఒక హెచ్చరిక. ఒక చోటు ఆట ఒంటబట్టకముందే కుర్రాణ్ని నాలుగు చోట్లకు తిప్పితే ఏదీ రాదు. ముందు ఒకటి గట్టిగా నేర్పాలి. ఆ తర్వాత ప్రాక్టీస్ మ్యాచుల్లో డిఫెండర్‌ను ముందుకు, ఫార్వర్డ్‌ను వెనక్కు పంపి చూడాలి. ఎదుటివాడి కష్టం అప్పుడే అర్థమవుతుంది.

లామ్ చేతికి కెప్టెన్ పట్టీ ఉంది కాబట్టి ఎటు జరిగినా అతని గౌరవం తగ్గలేదు. మన కుర్ర జట్లలో మాత్రం 'ఎక్కడైనా ఆడతాడులే' అనిపించుకున్నవాడికి చాలాసార్లు బెంచీయే గతి. ఎక్కడైనా ఆడగలడన్నది అతన్ని ముందుగా ఎంచుకోవడానికి కారణం కావాలి, ఆఖరున గుర్తు చేసుకోవడానికి కాదు.