తబలా మీది నల్లమచ్చ చేసే పని

గుండ్రటి చట్రానికి తోలు బిగించి కొడితే ఒక్క స్వరం పలకదు. ప్రధాన కంపనంతో పాటు దాని పై అతిస్వరాలన్నీ ఒక్కసారే లేస్తాయి. చిక్కంతా వాటి లెక్కలోనే ఉంది. తీగలో అవి 2, 3, 4 రెట్లుగా వరసలో నిలుస్తాయి, అలా నిలిచినవే అనుస్వరాలు. అంతటా ఒకే మందం ఉన్న గుండ్రటి పొరలో మాత్రం 1.59 రెట్లు, 2.14 రెట్లు, 2.30 రెట్లు, 2.65 రెట్లు, ఇలా పొంతన లేకుండా పుడతాయి. డప్పులో ఒళ్లు జలదరించే ఊపు ఉంటుంది గానీ, దాని మోతను పట్టుకుని శ్రుతి చూసుకోలేం. తబలా, మృదంగం మాత్రం గాయకుడి షడ్జానికి శ్రుతి కలుపుకుని పక్కనే కూర్చుంటాయి. అంటే ఆ తోలులో పుట్టే అలలను ఎవరో దిద్దారన్నమాట. దిద్దింది వాద్యాలు చేసే పనివాళ్లు.

వాళ్ల దిద్దుబాటును కొలిచి చూపే పని కలకత్తాలో మొదలైంది. విశాఖపట్నంలో పెరిగి, అక్కడే మెట్రిక్యులేషన్ పూర్తి చేసిన సి.వి.రామన్ 1907లో ఆర్థిక శాఖ ఉద్యోగిగా ఆ నగరానికి వెళ్లారు. బౌబజార్ వీధి 210వ నంబరు భవనంలో ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ ఉండేది. మహేంద్రలాల్ సర్కార్ 1876లో స్థాపించిన సంస్థ అది. ఆఫీసుకు వెళ్లేముందూ, వచ్చాకా రామన్ అక్కడే గడిపేవారు. కాంతి మీద చేసిన పని ఆయనకు నోబెల్ తెచ్చింది గానీ, అంతకుముందు చాలా ఏళ్లు ఆయన చెవి వయొలిన్, వీణ, తంబురాల మీదే ఉంది. 1920 జనవరిలో శివకాళీ కుమార్‌తో కలిసి ‘నేచర్’ పత్రికలో మన చర్మవాద్యాల గురించి చిన్న లేఖ ప్రచురించారు. బెంగళూరు వెళ్లాక 1934లో ఆ విషయాన్నే విస్తరించి రాశారు.

పద్ధతి చాలా సాదా. తోలు మీద సన్నటి ఇసుక చల్లి వాయిస్తే, కదలిక లేని గీతల వెంట ఇసుక పోగవుతుంది. ఆ బొమ్మను బట్టి పొర ఏ రీతిలో ఊగుతోందో తెలుస్తుంది. అలా చూసిన తొమ్మిది కంపన రీతులూ ఐదు స్వరాల్లోకి సర్దుకున్నాయి. ప్రధాన స్వరంలో ఒకటి, రెండో అనుస్వరంలో ఒకటి, మూడో దానిలో రెండు, నాలుగో దానిలో రెండు, ఐదో దానిలో మూడు. మామూలు తోలులో తలో దిక్కుకూ పోయే కంపనాలు ఇక్కడ తీగ మీది వరసకు వచ్చేశాయి.

వాటిని వరసకు తెచ్చింది మధ్యలోని నల్లమచ్చ. బెంగాలీలు దాన్ని గాబ్ అంటారు. పిండి, ఇనుప పొడి, మసి కలిపిన ముద్ద అది. మృదంగానికైతే చిట్టెపురాయి పొడిలో ఉడికించిన అన్నం కలిపి మెదుపుతారు. ముద్దను ఒకేసారి దట్టంగా పట్టిస్తే పని చెడుతుంది. పలచటి పొర పూయాలి, నున్నటి రాయితో ఆరేదాకా రుద్దాలి, ఆపైన మరో పొర పూయాలి. పొర పొరకూ వలయం చిన్నదవుతుంది. అందుకే మచ్చ నడిమధ్యన మందంగా, అంచుల వైపు పలచగా ఉంటుంది. రుద్దుడుకు పూత సన్నగా నెర్రెలిస్తుంది. ఆ నెర్రెలు లోపం కాదు, కావాలని తెప్పించేవే. పూత బరువు తోలు మీద ఉండాలి, తోలు మాత్రం యథేచ్ఛగా వంగాలి. ఈ రెండూ ఒకేచోట కుదిరేది ఆ నెర్రెల వల్లనే. ఇంత సూక్ష్మమైన డిజైన్‌ను పరికరాలేవీ లేకుండా చెవితోనూ చేతితోనూ సాధించారంటే నాకు ఇప్పటికీ అబ్బురమే.

గాబ్ ఒక్కదానితో పని అయిపోదు. అంచు చుట్టూ తోలుపట్టీ ఒకటి ఉంటుంది, దాని పేరు కానీ. మరీ పైనున్న కీచు స్వరాలను అది అణచేస్తుంది. మిగిలింది వాయించేవారి వేళ్లు. ‘నా’ పలికించేటప్పుడు ఉంగరపు వేలిని గాబ్ అంచున ఆనించి, చూపుడువేలితో కానీ మీద కొడతారు. ఆనిన వేలు ప్రధాన కంపనాన్ని ఆపుతుంది. దాంతో తోలును రెండు సగాలుగా ఊపే రెండో అనుస్వరం తేటగా తేలుతుంది.

ఎలక్ట్రానిక్స్ వాళ్లు ఫిల్టర్ అనే పరికరానికి అప్పగించే పని కూడా ఇలాంటిదే. మన సెల్‌ఫోనులో అవసరమైన పౌనఃపున్యాలను వేరుచేసే భాగాల్లో ఉపరితల ధ్వనితరంగ ఫిల్టర్ ఒకటి. ఘనపదార్థాల ఉపరితలం మీద పాకే అలలను 1885లోనే లార్డ్ రేలీ లెక్కగట్టారు. 1965లో రిచర్డ్ వైట్, వోల్ట్‌మర్ స్ఫటికం మీద దువ్వెన పళ్లలా సన్నటి లోహపు గీతలు పరిచి, విద్యుత్ సంకేతంతో ఆ అలలను పుట్టించారు. ఇవి సెకనుకు మూడు, నాలుగు కిలోమీటర్లే ప్రయాణిస్తాయి. అందుకే ఒక గిగాహెర్ట్జ్ దగ్గర అల పొడవు మూడు, నాలుగు మైక్రోమీటర్లకు మించదు, ఫిల్టర్ ఇంత చిన్న పలకలో ఇమిడిపోతుంది. గీతలన్నీ ఒకే పొడవున పెనవేసుకుంటే అల ఠక్కున మొదలై ఠక్కున ఆగుతుంది, అక్కర్లేని పౌనఃపున్యాలు పక్కల నుంచి చొరబడతాయి. అది జరగకుండా చివరల వైపు గీతల పెనవేతను క్రమంగా తగ్గిస్తారు. పలక కొసల్లో అల తిరిగి రాకుండా పీల్చుకునే పూత పూస్తారు. ఒక్కో గీతను రెండుగా చీల్చి, వెనక్కి మళ్లే అలలు ఒకదాన్నొకటి చెరిపేసుకునేలా చేస్తారు. లేకపోతే సంకేతం నున్నగా సాగదు, అలజడి పడుతుంది.

తబలా చూసి ఎవరూ సెల్‌ఫోను ఫిల్టర్ చేయలేదు. రెండింటి గణితాలూ వేరు. అయినా బరువు ఎక్కడ ఉంచాలి, ఎక్కడ పలచబరచాలి, అంచున దేన్ని అణచాలి అన్న ప్రశ్నలు రెండుచోట్లా ఒకటే. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పినవారిని ఒకచోట ఇంజినీర్లంటాం, మరోచోట పేరే అడగం. మృదంగం చేసేవాళ్ల చరిత్రను టి.ఎం.కృష్ణ ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ పేరుతో 2020లో పుస్తకంగా తెచ్చారు. ఎన్నడో రావలసిన పుస్తకం. తబలా పనివాళ్ల మీద కూడా అలాంటి పుస్తకం రావాలి. ఏ ముద్దలో ఏది ఎంత కలపాలో, ఏ రాయితో ఎంతసేపు రుద్దాలో వాళ్లు చెబుతుండగా రాసుకోవాలి, ధ్వనిశాస్త్రం క్లాసుకు వాళ్లను పిలిచి చెప్పించుకోవాలి.

రామన్ తర్వాత ఈ చర్మవాద్యాల కంపనాలను గణితం వైపు నుంచి పట్టుకున్నవారిలో బి.ఎస్.రామకృష్ణ ముఖ్యులు. తర్వాతి కాలంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. 1954లో సోంధీతో కలిసి, తోలును రెండు సాంద్రతల పొరగా తీసుకుని కంపనాలను లెక్కగట్టారు. 1957లో తబలా జతలో ఎడమచేతి వాద్యమైన డగ్గా మీద పనిచేశారు. డగ్గాలో గాబ్ మధ్యలో ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది. అరచేయి ఆనడానికి అవతల చోటు మిగులుతుంది. మణికట్టును నొక్కుతూ జరుపుతుంటే స్వరం కిందినుంచి పైకి జారుతూ పోతుంది.