కడుపు లేని బొమ్మ

సుధా గోయల్ కేసులో 1985 నాటి సుప్రీంకోర్టు తీర్పుని ఈమధ్య మళ్ళీ చదివాను. ఢిల్లీలో 1980 డిసెంబర్ 1న కాలిపోయేనాటికి సుధకి నెలలు నిండాయి. కింది కోర్టు 1983లో ముగ్గురికి ఉరిశిక్ష వేస్తే, హైకోర్టు అదే ఏడాది వదిలేసింది. సుప్రీంకోర్టు భర్తకీ అత్తకీ యావజ్జీవం విధించింది. ఇరుగుపొరుగు విన్న ఆమె మాటల్ని నమ్మాలా వద్దా అన్నదాని చుట్టూనే ఎక్కువ వాదన నడిచింది. గర్భం మాత్రం నాకు నేపథ్య వివరంలాగే కనిపించింది.

ఆసుపత్రి కాగితమూ అంతే. కాలిన చర్మాన్ని లెక్కగట్టే 'రూల్ ఆఫ్ నైన్స్' బొమ్మలో చేతికి 9, కాలికి 18, మొండెం ముందువైపుకి 18 శాతం. ఆ బొమ్మకి కడుపు లేదు. నెలలు పెరిగేకొద్దీ పొట్ట మీది చర్మమూ పెరుగుతుంది కదా, అక్కడ కాలితే లెక్క తక్కువ చూపిస్తుంది. లెక్క తగ్గితే ఎక్కించే సెలైనూ తగ్గుతుంది, మాయకి రక్తం చాలదు. పీల్చిన పొగలోని కార్బన్ మోనాక్సైడ్ తల్లి రక్తంలోకన్నా బిడ్డ రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది. సగానికి మించి ఒళ్ళు కాలితే బిడ్డ దక్కడం అరుదు. చాలాసార్లు మొదటి వారంలోనే నొప్పులొచ్చేస్తాయి.

మరణ వాంగ్మూలాన్ని 'స్త్రీ ఆత్మకథకి అతి చిన్న రూపం' అని నా థీసిస్‌లో రాసుకుని మురిసిపోయాను. (గైడుగారు కూడా మెచ్చుకున్నారు.) ఇప్పుడు సిగ్గేస్తోంది. మేజిస్ట్రేటో డాక్టరో అడిగిన దానికిచ్చే జవాబు ఆత్మకథ ఎలా అవుతుంది? చట్టానికి కావలసింది చెప్పేమనిషి చావుకి కారణం. లోపల కదలిక ఆగిపోయిందని ఆమె ఏ ప్రశ్నకి జవాబుగా చెప్పాలి?