ఇంజను వేడెక్కితే నీటి దారి వెతకాలి

ఆయిల్ ఇంజను చూడవచ్చిన మెకానిక్కు ముందు పాన తీయడు. హెడ్డు మీదినుంచి బయటికి పడే సన్నటి నీటిధార కింద చెయ్యి పెడతాడు. ధార ఎంత లావుంది, ఎంత వేడిగా ఉంది, మధ్యమధ్యలో తెగుతోందా, బుడగలొస్తున్నాయా? ఇవి తెలిస్తే జబ్బు సగం తెలిసినట్టే. నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు వైపు మెట్ట పల్లెల్లో ఇంజను ఆరోగ్యాన్ని ఇట్లా అరచేత్తోనే చూసేవాళ్లు. కొలిచే గడియారాలు ఉండేవి కావు, ఉన్నా పగిలిపోయి ఉండేవి.

వెలిగొండల పక్కనున్న ఈ నేలకు కాలువ నీళ్లు తక్కువ. బావే ఆధారం. కరెంటు తీగ పొలందాకా రాని రోజుల్లో 5 హార్స్‌పవర్ ఆయిల్ ఇంజనే బావికి ప్రాణం. పుణెలో 1946లో మొదలైన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ వాళ్లవి కొన్ని, రాజ్‌కోట్‌లో తయారైనవి కొన్ని. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చాక బోరు మోటార్లదే రాజ్యమైంది, ఇంజన్లు పాకల్లోకి చేరాయి. అయినా అవి పూర్తిగా పోలేదు. లైను లేని వాగు గట్టున నీళ్లు ఎత్తాలంటే ఇప్పటికీ వాటినే బయటికి తీయాలి.

లోపల జరిగేది ఇదీ. డీజిలు మండితే పుట్టే వేడిలో సుమారు మూడో వంతే పనికి మారుతుంది. ఇంచుమించు అంతే వేడి సిలిండరు గోడల్లోకి ఎక్కుతుంది, మిగతాది పొగతో పోతుంది. గోడల్లోకి ఎక్కిన వేడిని నీళ్లు లాగెయ్యాలి. అందుకు పెద్దగా నీళ్లేమీ అక్కర్లేదు. 5 హార్స్‌పవర్ ఇంజనుకు నిమిషానికి 2, 3 లీటర్లు చాలు. పంపు నిమిషానికి వందల లీటర్లు ఎత్తిపోస్తుంటే, డెలివరీ పైపుకు వేసిన చిన్న కుళాయి నుంచి ఆ కాసిని నీళ్లు రబ్బరు గొట్టంలో సిలిండరు చుట్టూ ఉన్న జాకెట్‌లోకి పోతాయి, హెడ్డు గుండా పైకెక్కి బయట పడతాయి. కాలువలో బ్రహ్మాండంగా నీళ్లు పారుతున్నా ఇంజను మాడిపోవచ్చనే సంగతి కొత్తవాళ్లకు ఇక్కడే అర్థం కాదు. పారే నీళ్లు వేరు, ఇంజను తాగే నీళ్లు వేరు.

ఈ మెకానిక్కుల పనిలో నేను అన్నిటికంటే విలువైనదనుకునేది వాళ్లు పాటించే వరస. నీళ్లు ఎక్కడ లోపలికి పోతాయో అక్కడ మొదలుపెట్టి, బయటికొచ్చే చోటుదాకా దారి వదలకుండా పోవడం. నేరుగా హెడ్డు విప్పేవాణ్ణి పాత మేస్త్రీలు పనివాడిగా లెక్కెయ్యరు. “ముందు కింద చూడబ్బయ్యా, పైన ఏముండాది?” అని శిష్యుణ్ణి బావిలోకి దించుతారు.

కిందంటే ఫుట్‌వాల్వు. దాని జల్లెడకు ఆకులో, నాచో, కప్పో అడ్డం పడితే పంపే సరిగా తోడదు. తర్వాత సక్షన్ పైపు అతుకులు. సన్నటి సందు ఉన్నా గాలి లాగుతుంది, ధార తెగి తెగి పడుతుంది. ఆ తర్వాత కుళాయి. ఇసుక, నత్తగుల్ల ఇరుక్కునేది ఎక్కువగా ఇందులోనే. కుళాయి దగ్గర గొట్టం ఊడదీసి చూస్తే తగువు తేలిపోతుంది. అక్కడ నీళ్లు జోరుగా కొడుతుంటే దోషం ఇంజను లోపలుంది, లేకుంటే బయటుంది. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

లోపలైతే గార పట్టడమో, గాస్కెట్టో. ఉదయగిరి వైపు బావినీళ్లలో ఉప్పులు, ఫ్లోరైడు ఎక్కువ. కాఫీ గిన్నె అడుగున పట్టే తెల్లటి గారే సిలిండరు జాకెట్ లోపలా పడుతుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉన్న సున్నం విడిపోయి గోడకు అంటుకుంటుంది. ఆ గార వేడిని ఎంత మొండిగా ఆపుతుందంటే, 1 మిల్లీమీటరు మందం గార 20 మిల్లీమీటర్లకు పైగా పోత ఇనుముతో సమానం. నీళ్లు పుష్కలంగా పారుతున్నా, చేతికి గోరువెచ్చగానే తగులుతున్నా, లోపల పిస్టను పట్టేస్తుంది. ధార నమ్మకంగా అబద్ధం చెప్పేది ఈ ఒక్క జబ్బులోనే. అందుకే అనుభవమున్నవాళ్లు ధారతో ఆగకుండా పొగ రంగు చూస్తారు, శబ్దం బరువెక్కిందేమో వింటారు.

గార తీయడానికి పలచన చేసిన హైడ్రోక్లోరిక్ యాసిడ్ జాకెట్‌లో పోసి ఉంచుతారు. బుసబుసా నురగ లేస్తుంది. నురగ ఆగిందంటే యాసిడో, గారో ఏదో ఒకటి అయిపోయినట్టు. వంచేసి ఇంకొంచెం పోస్తే ఏది అయిపోయిందో తెలుస్తుంది. తర్వాత చాకలి సోడా కలిపిన నీళ్లతో, ఆపైన మంచినీళ్లతో కడిగెయ్యాలి. యాసిడ్ మిగిలితే అది ఇనుమునే తింటుంది.

ధారలో బుడగలొస్తే గాస్కెట్టు కాలిందనో, హెడ్డు పగిలిందనో అనుమానించాలి. మండిన గాలి నీటి దారిలోకి దూరుతోందన్నమాట. నూనె తెల్లబడితే నీళ్లు అందులోకి దిగుతున్నాయి. షీటు కత్తిరించి సొంతంగా గాస్కెట్టు చేసుకునే చోట ఇంకో ప్రమాదముంది. నీటి రంధ్రాల్లో ఒకటి కొయ్యడం మరిచినా, తిరగేసి బిగించినా దారి మూసుకుపోతుంది. కొత్త గాస్కెట్టు వేసిన మర్నాడే ఇంజను వేడెక్కిందంటే ముందు చూడాల్సింది అదే.

వేడెక్కిన ఇంజను మీద చన్నీళ్లు కుమ్మరించడం మహాపాపం. బాగా కాలిన పోత ఇనుము పుటుక్కున చీలుతుంది. బరువు తీసేసి, ఇంజను ఆపి, ఓపిగ్గా కూర్చోవాలి. అట్లాగని చల్లగా ఉంటే మంచిదనుకోవడమూ తప్పే. బావినీళ్లు కుళాయి బారలా తెరిచి వదిలితే సిలిండరు మరీ చల్లబడి డీజిలు సరిగా కాలదు. ఖర్చు పెరుగుతుంది, కాలని డీజిలు నూనెలో దిగుతుంది, లైనరు త్వరగా అరుగుతుంది. బయటపడే నీళ్ల కింద చెయ్యి కాసేపు ఉంచగలిగి, ఆ తర్వాత తీసెయ్యాలనిపించేంత వేడి ఉండాలి. కుళాయిని అక్కడికి తిప్పుకోవాలి.

ఇదే విద్య పడవకు బిగించే చిన్న అవుట్‌బోర్డు మోటారుకూ అక్షరాలా పనికొస్తుంది. ఆత్మకూరు దాపునే, అనంతసాగరం మండలంలో పెన్నా మీద సోమశిల జలాశయం ఉంది. 78 టీఎంసీల నీళ్లు పట్టే చోటు. 2021 నవంబరు వరదలో సోమశిల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలినప్పుడు కింద మునిగిన ఊళ్లలోకి సహాయక బృందాలు పోయింది మోటారు బోట్లలోనే. బురద, గడ్డి, ప్లాస్టిక్ సంచులు కలిసి పారే అట్లాంటి నీళ్లలో ఈ మోటారుకు మొదట వచ్చే కష్టం వేడే.

దీని నీటి నోరు కింద, ఫ్యాను పక్కన సన్నటి జాలీ వెనక ఉంటుంది. దానిపైన ఇరుసుకు తగిలించిన రబ్బరు ఇంపెల్లర్ నీళ్లు పైకి తోస్తుంది. చల్లబరిచి వచ్చిన నీళ్లలో కొంచెం పక్కనున్న చిన్న రంధ్రం నుంచి ధారగా చిమ్ముతుంది. ఆయిల్ ఇంజను హెడ్డు మీది ధారకు ఇది తోబుట్టువు. ధార ఆగితే ముందు మోటారు ఆపాలి. జాలీకి ఏదైనా చుట్టుకుందేమో చూడాలి. మోటారు మరీ పైకి బిగించి ఉంటే నోరు నీళ్లలో మునగదు, గాలి మింగుతుంది. తర్వాత ఆ చిన్న రంధ్రంలో సన్నటి తీగ పెట్టి పొడవాలి. గట్టున ఊరికే పెట్టిన మోటారులో కందిరీగ మట్టితో గూడు కడుతుంది. లోపల నీళ్లు బాగానే తిరుగుతున్నా ధార మాత్రం కనిపించదు.

ఇవేవీ కాకుంటే ఇంపెల్లర్. కింది భాగం బోల్టులు విప్పి దించితే పంపు బయటపడుతుంది. నెలల తరబడి కదలకుండా ఉన్న రబ్బరు రెక్కలు ఒకవైపు వంగి బిరుసెక్కిపోతాయి, చీలుతాయి. విరిగిన రెక్క ముక్క దొరకలేదంటే పని అయిపోలేదు. అది పైకెళ్లి సన్నటి దారిలో ఇరుక్కునే ఉంటుంది, వెతికి తీయాలి. కొత్తది దించేటప్పుడు సబ్బునీళ్లు రాసి, ఇరుసు తిరిగే వైపే తిప్పుతూ నొక్కాలి, రెక్కలు సరైన దిక్కుకు వంగుతాయి. అర్ధచంద్రాకారపు చిన్న తాళంబిళ్ల జారిపోకుండా చూసుకోవాలి. అది లేకుంటే ఇరుసు తిరుగుతుంది, ఇంపెల్లర్ తిరగదు.

రెండు తేడాలు మాత్రం గట్టిగా గుర్తుంచుకోవాలి. ఆయిల్ ఇంజనుకు వాడిన యాసిడ్ దీనికి వాడకూడదు. ఇది అల్యూమినియం, కరిగిపోతుంది. రెండోది, నీళ్లు లేకుండా ఒక్క క్షణం కూడా తిప్పి చూడకూడదు. రబ్బరుకు నీళ్లే కందెన. పరీక్షించాలంటే పెద్ద డ్రమ్ములో పంపు మునిగేదాకా నీళ్లు నింపి అందులో దించాలి. ఇక సముద్రం మీద తిప్పే నెల్లూరు తీరపు మోటార్లయితే ఒడ్డుకు రాగానే మంచినీళ్లతో లోపల కడగాల్సిందే. ఉప్పు గడ్డకట్టాక అదీ మొండిదే.

ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, చాలా సంతోషం. అదే ఊళ్ల షెడ్లలో చేతికి నూనె పూసుకుని నేర్చుకున్న ఈ పనితనానికి ఏ గుర్తింపూ లేదు. ఐటీఐలో డీజిల్ మెకానిక్ కోర్సు చదివే పిల్లలకు ఇంజను బొమ్మ నేర్పుతున్నాం, బాగుంది. వాళ్లను ఒక వారం పాత మేస్త్రీ వెంట పంపి, కుళాయి దగ్గర గొట్టం ఊడదీసి చూడటం, గార ఉన్న జాకెట్‌ను సుత్తితో తట్టి శబ్దాన్నిబట్టి పోల్చడం కూడా నేర్పాలి. వరదకు పోయే ప్రతి బోటులోనూ ఒక కొత్త ఇంపెల్లర్, దాని తాళంబిళ్ల, రెండు పానలు, జానెడు తీగ ఉన్న పెట్టె ఉంచాలి. ఆ పెట్టె తెరిచి వాడటం వచ్చిన మనిషి కూడా అదే బోటులో ఉండాలి.